పనస పిందెలు నల్లబూజు పట్టి రాలుతున్నాయి: మందు కొట్టాలా, వదిలేయాలా?

గట్టుపనస

ముందు చెట్టు వివరాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు కొబ్బరి తోట, ఇసుక నేల. తోట గట్టు మీద పిక్క పడి మొలిచిన పనస. వయసు 9 ఏళ్లు, ఎత్తు 25 అడుగుల పైనే, ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత 80 సెం.మీ. మూడు వైపులా కొబ్బరి చెట్లే, తూర్పు ఒక్కటే ఖాళీ. నిరుడు పది పన్నెండు పిందెలు కనిపించాయి, ఒక్కటీ నిలవలేదు.

ఈసారి డిసెంబరు మొదటి వారంలో మొదలైంది. ఇప్పటికి 60 దాకా వచ్చి ఉంటాయి. ఎక్కువ భాగం కొమ్మల చివర్లలో, కొన్ని మాను మీద. బొటనవేలంత అయ్యాక కాస్త పసుపుకు తిరిగి, రెండు మూడు రోజుల్లో నల్లటి బూజు కమ్ముకుని రాలిపోతున్నాయి. చెట్టు కింద చూస్తే బొగ్గుముక్కలు చల్లినట్టుంది. మాను మీద మాత్రం 5 నిలిచాయి. వాటిలో ఒకటి కొబ్బరికాయంత అయింది గానీ ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క నొక్కేసినట్టు లోపలికి పోయింది. ఇంకోదానికి తొడిమ దగ్గర గోధుమరంగు మచ్చ కనిపిస్తోంది.

మందుల కొట్టులో పూత నిలవడానికి హార్మోను, బూజుకో మందు, పురుగుకో మందు, మూడూ కలిపి కొట్టమన్నారు. మూడూ అవసరమా?

రెండో సంగతి. పక్కన ఇంకో పనస వేయాలి. పిక్క పెట్టడమా, అంటు తేవడమా? తుఫాన్లు తగిలే చోటని గుర్తుంచుకుని చెప్పండి.

కొండవాలు

మూడూ అలా పక్కన పెట్టండి. ముందు రాలిందేమిటో తేల్చుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి, రాలినవాటిలో నూటికి తొంభై పిందెలు కానే కావు, మగపూత.

పనసలో ఆడపూత, మగపూత వేర్వేరు. రెండూ ఒకే చెట్టు మీద వస్తాయి, రెండూ లేతప్పుడు చిన్న పనసకాయలాగే కనిపిస్తాయి. అందుకే ఇంత గందరగోళం. తేడా పట్టుకోవడానికి నాలుగు గుర్తులున్నాయి, నాలుగూ కలిపి చూడండి.

మొదటిది చోటు. కొమ్మల చివర్లలో, ఆకుల మధ్య, సన్నటి రెమ్మల మీద వచ్చేవి దాదాపు అన్నీ మగవే. ఆడపూత మాను మీద, లావు కొమ్మల మీద పుట్టే పొట్టి, దళసరి కాడలకు వస్తుంది. ఆ కాడలకు మగపూత కూడా వస్తుంది కాబట్టి మాను మీద ఉంది గనక పిందే అనుకోవద్దు.

రెండోది కాడ. ఇదే అసలు గుర్తు. ఆడపూత కాడ లావుగా ఉంటుంది, పూత మొదలయ్యే చోట ఆకుపచ్చటి ఉంగరం తొడిగినట్టు గట్టు ఉంటుంది. మగదాని కాడ సన్నం. ఉంగరం లేకపోవచ్చు, ఉన్నా లీలగా ఉంటుంది.

మూడోది పైచర్మం. మగది నున్నగా ఉంటుంది. విచ్చుకున్న రోజుల్లో వేలితో రాస్తే పసుపు పొడి అంటుతుంది, దగ్గరగా వాసన చూస్తే కాస్త తీపి వాసన. ఆడది మొదటి నుంచీ గరుకు. పుప్పొడి పట్టే దశలో ప్రతి బొడిపె మీదా పుప్పొడి అందుకునే చిన్న కీలం పొడుచుకొచ్చి, వెలిసిపోయిన బ్రష్షులా ఉంటుంది.

నాలుగోది ఆయుష్షు. మగపూత పుప్పొడి రాల్చాక దాని పని అయిపోయింది. కొద్ది రోజుల్లోనే మెత్తబడి, బూజు పట్టి రాలుతుంది. ఆ బూజు రోగం వల్ల రాలింది కాదు, రాలాల్సినదాని మీద బూజు పట్టింది. దాన్ని నిలబెట్టడానికి హార్మోను కొట్టడం అంటే ఎండుటాకుని కొమ్మకు తిరిగి అతికించడం లాంటిది.

ఇంకోటి. మొదటి ఒకటి రెండు కాపుల్లో చిన్న చెట్టు మగపూతే ఎక్కువ వేస్తుంది. సీజనులో కూడా మగవి ముందొచ్చి, ఆడవి తర్వాత వస్తాయి. నిరుడు అన్నీ రాలిపోయాయన్నారు, బహుశా అవన్నీ మగవే. ఈసారి 5 నిలిచాయంటే చెట్టు సరైన దారిలోనే ఉంది.

కింద పడినవాటిలో తాజావి పది ఏరి కాడలు చూసి చెప్పండి.

మైలుతుత్తం

పైన చెప్పింది నిజమే గానీ, తొడిమ దగ్గర గోధుమరంగు మచ్చను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

మగపూత మీద పెరిగే ఆ నల్లబూజు రైజోపస్. అది చచ్చినదాని మీద బతికినంత హాయిగా తడిసిన లేత కాయ మీద కూడా బతుకుతుంది. చెట్టంతా మగపూత కుళ్లుతూ ఉంటే కోట్ల కొద్దీ బీజాలు గాలిలో ఉంటాయి. మంచు, వాన, గాలి ఆడని నీడ తోడైతే పిందెకు అంటుకుంటుంది. మీ చెట్టుకి మూడు వైపులా కొబ్బరి నీడ, పైగా సముద్రపు గాలి తేమ. కాస్త జాగ్రత్త పడాల్సిందే.

పిందెకు కుళ్లు పడితే వరస ఇలా ఉంటుంది. ముందు తొడిమ దగ్గరో, దెబ్బ తగిలిన చోటో, రెండు కాయలు రాసుకునే చోటో నీరుకారినట్టు మెత్తటి గోధుమ మచ్చ. తర్వాత దాని మీద తెల్లటి దూదిలాంటి బూజు. ఒకటి రెండు రోజుల్లో అందులో గుండుసూది తలల్లాంటి నల్లచుక్కలు. చివరికి కాయ అంతా నల్లటి మసి. మచ్చ గట్టిగా, పొడిగా ఉండి, అక్కడ బంక గడ్డకట్టి, రంపపు పొట్టులాంటి చెత్త బయటికొస్తుంటే అది కుళ్లు కాదు, కాయతొలిచే పురుగు. రెండింటికీ చేయాల్సిన పని వేరు.

కుళ్లయితే:

మచ్చ పడిన కాయను కాడతో సహా కోసి తోట బయట పాతిపెట్టండి. ఎరువు కుప్పలో వేయొద్దు. కింద రాలిన మగపూతను రెండు రోజులకోసారి ఊడ్చి పాతెయ్యండి. చెట్టు మీద వేలాడుతున్న నల్లవాటిని కర్రతో తట్టి దించెయ్యండి. సగం సమస్య ఇక్కడే తీరుతుంది, దీనికి ఖర్చు లేదు.

మాను చుట్టూ ఉన్న ఎండుపుల్లలు, లోపలికి పెరిగిన సన్న కొమ్మలు తీసేయండి. ఉదయం ఎండ ఒక గంటైనా మాను మీద పడాలి. తూర్పు ఖాళీ కాబట్టి ఇది మీకు కష్టం కాదు.

అప్పుడు మందు. ఒక శాతం బోర్డో మిశ్రమం చాలు. 10 లీటర్లకు 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల మంచి సున్నం. తుత్తాన్ని ప్లాస్టిక్ బకెట్లో 5 లీటర్ల నీళ్లలో, సున్నాన్ని వేరే 5 లీటర్లలో కరిగించి వడకట్టాలి. తుత్తం నీళ్లను సున్నం నీళ్లలోకి కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో కలపాలి. ఇనుప, రేకు పాత్రలు వాడొద్దు. అయ్యాక మెరిసే ఇనుప మేకునో, చాకునో నిమిషం ముంచి తీయండి. ఎర్రగా రాగి పూత పడితే తుత్తం ఎక్కువైనట్టు, ఇంకాస్త సున్నం నీళ్లు పోసి మళ్లీ చూడండి. ఆ తేడా పట్టించుకోకుండా కొడితే లేత చర్మం మాడుతుంది. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి అడుగున పేరుకుపోయి పనికిరాదు. ఇదంతా ఎందుకనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు.

పిందెలు నిమ్మకాయంత ఉన్నప్పుడు ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి. ఆడపూత కీలాలు తెరుచుకుని ఉన్న రోజుల్లో కొట్టొద్దు. పొట్టు కూరకు కోయబోయే లేతకాయ మీద అసలు కొట్టొద్దు.

పురుగయితే: తొలిచిన కాయ, తొలిచిన చిగురు కత్తిరించి కాల్చేయడం, మిగిలిన పిందెలకు గుడ్డ సంచో, చిల్లులు పెట్టిన కవరో తొడగడం. పురుగు లోపలికి పోయాక పైన ఏ మందు కొట్టినా దానికి తగలదు. మూడు మందులు ఒకే ట్యాంకులో కలపడం గురించి చెప్పాలంటే, బోర్డోలో సున్నం ఉంటుంది, దానితో చాలా పురుగుమందులు విరిగిపోతాయి. డబ్బులు పోయి, ఆకులు కూడా మాడతాయి.

గట్టుపనస

పది ఏరి చూశాను. తొమ్మిదింటికి కాడ సన్నం, ఉంగరం లేదు, వేలికి పసుపు పొడి అంటింది. ఒక్కదానికి ఉంగరం ఉంది, తొడిమ దగ్గర మెత్తగా అయింది. అంటే కొండవాలు గారి లెక్క, తుత్తం గారి లెక్క రెండూ సరిపోయాయి.

మచ్చ ఉన్న కాయను కోసేశాను. లోపల నీరుకారినట్టుంది, చెత్త లేదు, రంధ్రం లేదు. కుళ్లే. ఇక నాలుగున్నాయి.

వంకర కాయ సంగతి ఎవరూ చెప్పలేదు. దానికీ కుళ్లే కారణమా?

తొనలెక్క

కాదు. అది పుప్పొడి లెక్క.

పనసకాయ ఒక కాయ కాదు, వందల పువ్వుల గుంపు. ఒక్కో తొన ఒక్కో పువ్వు. పుప్పొడి పడిన పువ్వు తొనగా, లోపల పిక్కగా మారుతుంది. పుప్పొడి అందని పువ్వు తొనల మధ్య పీచుగా మిగిలిపోతుంది. పండు కోసినప్పుడు పీచు తీసి పారేస్తాం కదా, అదంతా కాయని పువ్వులే. ఒక పక్క మొత్తానికి పుప్పొడి అందకపోతే అక్కడ తొన ఊరదు, ఆ పక్క లోపలికి పోతుంది. రెండో పక్క మామూలుగా ఊరి ఉబ్బుతుంది. కాయ వంకర తిరుగుతుంది. తినడానికి అడ్డేమీ లేదు, ఉబ్బిన వైపు తొనలు బాగానే ఉంటాయి.

మీ చెట్టు ఒంటరిది, పైగా చిన్నది. డిసెంబరులో మగపూత కుప్పలుగా వచ్చి రాలిపోయింది. ఆడపూత తెరుచుకునేసరికి తాజా మగపూత కొద్దిగానే మిగిలి ఉంటుంది. పెద్ద చెట్లలో రెండూ చాలా వారాలు కలిసి నడుస్తాయి కాబట్టి ఈ చిక్కు తక్కువ. చుట్టుపక్కల 100 అడుగుల్లో ఇంకో పనస ఉన్నా తగ్గుతుంది.

చేత్తో పుప్పొడి పట్టించవచ్చు, నాలుగైదు పూతల కోసం పెద్ద శ్రమేం కాదు. మంచు ఆరాక, ఉదయం 8 నుంచి 10 మధ్య, పసుపు పొడి రాలుతున్న మగపూతను కోసి, కీలాలు బయటికొచ్చిన ఆడపూత చుట్టూ మెల్లగా దొర్లించాలి. మానువైపు ఉన్న పక్కనూ వదలకూడదు, వంకర ఎక్కువగా అక్కడే వస్తుంది. గట్టిగా రుద్దితే కీలాలు విరుగుతాయి. ఆడపూత మీద ఉన్న పువ్వులన్నీ ఒకే రోజు తెరుచుకోవు, కాబట్టి రోజు విడిచి రోజు మూడు నాలుగు సార్లు చేయాలి. నల్లబడిన మగపూత వాడితే పుప్పొడికి బదులు బూజు అంటిస్తారు, అది ఒక్కటి చూసుకోండి.

వంకరకు ఇంకో కారణం, కాయ మానుకీ కొమ్మకీ మధ్య ఇరుక్కోవడం. అలాంటప్పుడు నొక్కు సరిగ్గా చెట్టు తగిలే వైపే ఉంటుంది. మీరు చూసుకోవచ్చు.

పెరటిపని

మా వైపు పనస కాయకపోతే మానుకు నాలుగు మేకులు కొడతారు, లేదా గొడ్డలితో గాట్లు పెడతారు. బంక కారితే కాస్తుందంటారు. దీనికి ఏమైనా ఆధారం ఉందా?

కొండవాలు

చెట్టు పుట్టిల్లు ఎక్కడో గుర్తు తెచ్చుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. పనస పడమటి కనుమల సతతహరిత అడవుల చెట్టు. అక్కడ వాన చాలా ఎక్కువ, కానీ నేల వాలు. నీరు వచ్చినంత వేగంగా పోతుంది. నేల మీద ఆకుల దుప్పటి ఎప్పుడూ ఉంటుంది. పైన పెద్ద చెట్ల గుడారం. అలాంటి చోట పూత కొమ్మల చివర్లలో కాకుండా మాను మీద పూసే చెట్లు చాలా ఉన్నాయి, పనస వాటిలో ఒకటి. 20 కిలోల కాయను మోయడానికి మాను కంటే గట్టి చోటేముంది? వయసు పెరిగే కొద్దీ కాపు కిందికి దిగుతుంది. ముసలి చెట్లకు నేలను ఆనుకుని, వేళ్ల దగ్గర కూడా కాస్తాయి. తమిళులు దాన్ని వేర్పలా అంటారు.

అంటే కాపంతా మాను చర్మం మీద ఆధారపడింది. ఏటేటా పూసేవి ఆ పాత పొట్టి కాడలే. మేకు కొట్టినా, గాటు పెట్టినా సరిగ్గా పూత పుట్టే చోటే పుండు చేసినట్టు. ఆ పుండులోంచి కాండం తొలిచే పురుగు, కుళ్లు చేరతాయి. దెబ్బకు బెదిరిన చెట్టు ఒక ఏడాది ఎక్కువ పూయొచ్చు, అది చూసి పద్ధతి పని చేసిందనుకుంటారు. బొబ్బిలి వీణ చేసేది పనస దుంగతోనే, మేకులు దిగిన మాను ఆ పనికి కూడా రాదు!

అదే కారణంతో, కాయ కోసినప్పుడు కాడను మాను దాకా గీకి తీయకండి. నాలుగైదు అంగుళాలు వదిలేస్తే పక్కనుంచే మళ్లీ పూస్తుంది. నూనె పూసి ఊడబెరకడం, పగలగొట్టడం వద్దు.

కాయని చెట్టుకు నిజంగా చేయాల్సింది వేళ్ల వైపు చూడటం. నీరు నిలుస్తోందా? పనస వేళ్లు నీళ్లలో నానితే కాపు ఆగుతుంది, ఆ తర్వాత చెట్టే పోతుంది. కోనసీమ వరిచేల గట్ల మీద పెట్టినవి ఎండుతుంటే నూటికి ఎనభై పాళ్లు ఇదే. ఉద్దానం ఇసుకలో ఆ బాధ లేదు, అక్కడ బాధ వేసవి. ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే కాయ ఊరే రోజుల్లోనే, ఇసుక ఎండిపోతుంది. మాను నుంచి నాలుగైదు అడుగుల దూరంలో గుండ్రంగా పాదు చేసి, కొబ్బరి ఆకులు, పీచు జానెడు మందం పరిచి, వారానికోసారి నిండా తడపండి. పెద్ద చెట్టుకు ఏడాదికి 50 కిలోల పశువుల గత్తం, సగం తొలకరికి, సగం సెప్టెంబరులో. మాను మొదట్లో కుప్ప పోయొద్దు, కొమ్మల నీడ పడే అంచున వేయాలి. ఆహారం పీల్చే వేళ్లు అక్కడుంటాయి.

అంటుకత్తి

రెండో ప్రశ్నకు వస్తాను.

పిక్క పెడితే తల్లి గుణం రాదు. పరపరాగం వల్ల పుడుతుంది కాబట్టి, తేనెలాంటి గట్టి తొన పనస పిక్క పెడితే జారిపోయే మెత్తటి తొన రావచ్చు. కాపుకు 7, 8 ఏళ్లు ఆగాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్పుడు గానీ ఏం కాసిందో తెలియదు. కేరళలో గట్టి తొనను వరిక్క అంటారు, మెత్తదాన్ని కూళ అంటారు. రెండూ పక్కపక్క ఊళ్లలోనే కాదు, ఒకే తల్లి పిల్లల్లో కూడా కనిపిస్తాయి. అంటు అయితే తల్లి ఏదో అదే, 3 నుంచి 5 ఏళ్లలో కాపు.

మరి తుఫాను? ఇక్కడే అసలు చిక్కు. 2018 అక్టోబరులో తిత్లీ తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితో పాటు పనస చెట్లు కూడా కూలిపోయాయి. నర్సరీ సంచిలో ఏడాదికి పైగా ఉన్న అంటుకి తల్లివేరు అడుగున చుట్ట చుట్టుకుని ఉంటుంది. నాటాక అది నిటారుగా దిగదు. పైన గుబురు, కింద చుట్ట, గాలికి పడటం ఖాయం. నేనైతే మీ చోట చెప్పేది మూడో దారి: పిక్క అక్కడే పెట్టి, అంటు అక్కడే కట్టడం.

గొయ్యి 3 అడుగుల చదరం, 3 అడుగుల లోతు. ఇసుకలో గనక అడుగున రెండు గంపల చెరువు మట్టి, పైమట్టితో 15 కిలోల మాగిన గత్తం, కిలో వేపపిండి కలిపి పూడ్చాలి. పచ్చి గత్తం వేస్తే వేడికి మొలక పోతుంది, చెదలు కూడా చేరతాయి. నేల మట్టానికి అరడుగు ఎత్తు దిబ్బగా ఉంచండి. కొబ్బరికి 25 అడుగులకు తగ్గొద్దు, పనసకూ పనసకూ 30 అడుగులు.

పిక్కలు పండు కోసిన రోజువే కావాలి. పనస పిక్క ఎండితే చస్తుంది, డబ్బాలో దాచి వచ్చే ఏడు పెడదామంటే కుదరదు. పెద్దవి, బరువైనవి ఎంచి, జిగురు పోయేలా కడిగి, పైనున్న జారుడు పొర తీసి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, గోతిలో జానెడు ఎడంతో మూడు పెట్టండి. లోతు అంగుళం, పిక్కను పడుకోబెట్టాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తాయి. పందికొక్కులు, ఎలుకలు తవ్వుకుపోతాయి, పైన ఇనుప జల్లెడో ముళ్లకంపో వేయండి. మొలిచాక బలమైనది ఒకటి ఉంచి మిగతావి కత్తిరించండి, పీకితే ఉంచినదాని వేరు కదులుతుంది. తీసి ఇంకోచోట నాటాలనుకుంటే నాలుగాకులు దాటకముందే చేయాలి.

మొక్క పెన్సిలంత లావయ్యాక, తొలకరి తర్వాత గాలిలో తేమ ఉన్న నెలల్లో అంటు కట్టండి. మంచి తల్లిచెట్టు మీద పెన్సిలంత లావున్న, కొనమొగ్గ ఉబ్బిన రెమ్మ ఎంచుకోండి. కోయడానికి వారం పది రోజుల ముందే దాని ఆకులు కాడ మిగిల్చి కత్తిరించేయాలి. ఆ కాడలు వాటంతటవే రాలితే రెమ్మ సిద్ధం. జానెడు పొడవు కోసి, మొదలును రెండు వైపులా అంగుళంన్నర పొడవున చీలమేకులా చెక్కాలి. మొక్క తల తీసి, అంతే లోతు చీల్చి, అందులో దించాలి. కనీసం ఒక పక్క బెరడుకు బెరడు కలవాలి. పాలిథీన్ పట్టీతో గట్టిగా కట్టి, పైన ఐస్‌క్రీమ్ కవరులాంటి సన్నటి సంచి తొడిగి కింద ముడి వేయాలి.

ఎక్కువ అంట్లు పోయేది బంక వల్ల. కోత వేసిన వెంటనే పాలు కారి, మధ్యలో పొరలా గడ్డకట్టి, రెండింటినీ కలవనివ్వదు. రెమ్మ కోసి పది నిమిషాలు తలకిందులుగా పెట్టి, తడిగుడ్డతో తుడిచి, కొత్త బ్లేడుతో చివరి కోత వేసి ఆలస్యం లేకుండా కట్టండి. మూడు నాలుగు వారాలకు చిగురిస్తుంది. అప్పుడు సంచి తీయండి, కానీ ఎండ మధ్యాహ్నం కాదు, సాయంత్రం.

రకం సంగతి. మీ ఊళ్లోనే పదేళ్లుగా పేరున్న చెట్టు ఉంటే దాని రెమ్మే మేలు, మీ గాలికి, మీ ఇసుకకు అలవాటైనది. బయటివి కావాలంటే కర్ణాటక తుమకూరు జిల్లా రైతుల చెట్ల నుంచి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఎంపిక చేసిన సిద్దు, శంకర ఉన్నాయి. తొన రాగి ఎరుపు, కాయ చిన్నది. సిద్దు కాయ సుమారు రెండున్నర కిలోలు, నలుగురున్న ఇంటికి ఒక పూటకు సరి. తమిళనాడు నుంచి పాలూరు 1, పేచిపారై 1 ఉన్నాయి. ఏడాదిన్నరలో కాస్తుందని ఆన్‌లైన్లో అమ్మేవి కొనేముందు తల్లిచెట్టు ఎక్కడుందో అడగండి. చెప్పలేకపోతే అది అంటు పేరుతో అమ్మే మామూలు పిక్క మొక్కే కావచ్చు.

ఇక గాలి. మొక్క 5 అడుగులున్నప్పుడు తల తుంచి, చుట్టూ మూడు నాలుగు కొమ్మలు రానివ్వండి. తర్వాత ఏటా కాయలు కోశాక, జులై ఆగస్టుల్లో, 15 అడుగులు దాటనివ్వకుండా కత్తిరించండి. మామిడిలో ఇలా చేస్తే కాపు పోతుందని భయం. పనసలో ఆ భయం లేదు, కాపు మాను మీద కదా. అక్టోబరు తుఫాన్ల నాటికి పైన బరువు తగ్గి ఉంటుంది. ఇప్పుడున్న 25 అడుగుల చెట్టును మాత్రం ఒక్కసారి నరికెయ్యొద్దు. మూడేళ్లలో దించండి, ఏడాదికి ఒక పెద్ద కొమ్మ. ఒక్కసారిగా ఎండ తగిలితే మాను బెరడు పగులుతుంది.

పొట్టుకత్తి

వంకర కాయను వదలొద్దు. అది పండుకు కంటే పొట్టుకే బాగుంటుంది, కొబ్బరికాయంత అంటే సరిగ్గా ఆ వయసే. పొట్టుకు కాయ ఒకటి రెండు కిలోల లోపు ఉండాలి, పిక్కకు పెంకు గట్టిపడకూడదు. చాకు మొన గుచ్చితే ఆగకుండా దిగాలి. మధ్యలో టక్కుమని అడ్డం తగిలితే పిక్క ముదిరింది, అప్పుడు ముక్కల కూరకు వాడుకోవాలి.

చేతులకు, కత్తికి, పీటకు నూనె రాయకుండా మొదలుపెట్టొద్దు. కాయ కోసిన వెంటనే తొడిమ కిందికి పెట్టి గంటసేపు బంక కారనివ్వండి. ముళ్ల చర్మం అర అంగుళం మందంగా చెక్కేసి, నాలుగు ముక్కలు చేసి, తొడిమ నుంచి దిగే గట్టి బెండు తీసేయండి. ముక్కను ఒక చేత్తో పట్టుకుని, బరువైన కత్తితో దగ్గర దగ్గరగా గాట్లు వేస్తూ, అడ్డంగా గీస్తే పొట్టు రాలుతుంది. మిక్సీలో వేస్తే పొట్టు కాదు, పచ్చడి అవుతుంది. కేరళలో ఇదే లేతకాయను ఇడిచక్క అంటారు. వాళ్లు ముక్కలు ఉడికించి దంచుతారు, గోదావరి జిల్లాల్లో పచ్చిదాన్నే కొడతారు. అందుకే మన పొట్టు పొడిపొడిగా వస్తుంది.

కొట్టిన పొట్టును వెంటనే పసుపు కలిపిన నీళ్లలో వేయకపోతే పావుగంటలో నల్లబడుతుంది. ఉప్పు, పసుపు వేసి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, వార్చి, గట్టిగా పిండండి. నీరు మిగిలితే పోపులో ముద్ద అవుతుంది. ఆవ పెట్టేటప్పుడు పొయ్యి దించి, కూర కాస్త చల్లారాక కలపండి. వేడి మీద పెడితే ఆవ చేదెక్కుతుంది.

బట్టలకు బంక అంటితే సబ్బు పని చేయదు. ముందు కొబ్బరి నూనె రుద్ది, అది కరిగాక సబ్బు.

గట్టుపనస

వంకరది రేపు కోస్తాను. మిగిలిన మూడింటిలో రెండు ఒకే కాడకు, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఇప్పుడు పిడికిలంత. రెండూ ఉంచొచ్చా? ఉంచినవి పండుకు ఎప్పుడు కోయాలో గుర్తులు కూడా చెప్పండి.

మైలుతుత్తం

ఆనుకుని ఉంటే ఒకటి తీసేయండి. రెండింటి మధ్య తడి ఆరదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. తీయబోయేది చిన్నదని కాదు, మానుకు నొక్కుకున్నది. మొదటి కాపుకు రెండు కాయలు చాలు.

తొనలెక్క

కోత గుర్తులు. మీ వైపు మే మధ్య నుంచి చూడటం మొదలుపెట్టండి. ముళ్లు ఎడంగా, మొద్దుగా అయి, వాటి మధ్య చర్మం సాగినట్టు కనిపిస్తుంది. ఆకుపచ్చ పోయి పసుపు గోధుమకు తిరుగుతుంది. కాడ మీదున్న చివరి ఆకు పండుబారుతుంది. వేళ్లతో తడితే లేతకాయ టంగుమంటుంది, ముదిరింది డొల్లగా, బరువుగా పలుకుతుంది. వీటిలో ఒక్కటి చూసి కోయొద్దు, మూడైనా కలవాలి. వాసన వచ్చేదాకా ఆగితే ఉడతలు, గబ్బిలాలు మీకంటే ముందుంటాయి.

కోసేటప్పుడు కాయకు తాడు కట్టి, రెండో కొస కొమ్మ మీదుగా వేసి పట్టుకుని, కాడను కత్తిరించి మెల్లగా దించండి. కింద పడనిస్తే పైకి ఏమీ కనిపించదు గానీ, పడిన వైపు తొనలు నాలుగు రోజుల్లో గోధుమరంగుకు తిరిగి పులుస్తాయి. కాడ జానెడు వదిలి, బంక కారడం ఆగేదాకా ఓరగా ఆనించండి. నీడలో గోనె మీద పెడితే మూడు నుంచి ఎనిమిది రోజుల్లో పండుతుంది. పండకముందు ఫ్రిజ్‌లో పెట్టకండి. 12 డిగ్రీల కంటే చల్లబడితే చర్మం నల్లబడి, తొన తీపి ఎక్కకుండానే మెత్తబడుతుంది. పండాక తొనలు ఒలిచి, పిక్కలు తీసి, మూతడబ్బాలో అయితే ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటాయి.

పిక్కలు పారేయకండి. ఉడకబెట్టో కాల్చో తినాలి, పచ్చిగా అరగవు. మీకు గోతిలో పెట్టడానికి మూడు కావాలి కూడా.

అంటుకత్తి

ఆ మూడు మీ చెట్టువే కానక్కర్లేదు. కింది వేరుకు ఏ పిక్కయినా సరే, బలంగా మొలిచేది చాలు. పైన కట్టే రెమ్మ తల్లిని మాత్రం ఈ జూన్‌లోనే రుచి చూసి గుర్తు పెట్టుకోండి. కాయలు అయిపోయాక ఏ చెట్టు గట్టి తొనదో చెప్పేవాళ్లు దొరకరు.